రెండో వైరు

మార్చి 4, మంగళవారం

బ్యాటరీ అయిపోవచ్చిందట.

ఈ ఒక్క ముక్క రాయడానికి పెన్ను ఎన్నిసార్లు మూసి తెరిచానో. పదేళ్ల కిందట నా ఎడమ భుజం కింద పేస్‌మేకర్ పెట్టినప్పుడు, కళ్లు తిరిగినప్పుడల్లా తేదీ వేసి రాసుకోమన్నాడు డాక్టర్. కళ్లు తిరగడం పోయింది. రాయడం మిగిలింది.

ఇవాళ చెకప్. మౌస్ పిల్ల డ్యూటీలో ఉంది. ఆ అమ్మాయి టెక్నీషియన్. కంప్యూటర్ మౌస్ లాంటిదొకటి నా ఛాతీ మీద ఆనించి స్క్రీన్ చూస్తుంది, అందుకని నేను పెట్టుకున్న పేరు. నోరు మూతపడని మనిషి. ఇవాళ ఉన్నట్టుండి మాటలు ఆపేసింది. నా గుండెల్లో రాయి పడింది అక్కడే.

మార్చే టైమొచ్చిందండీ, మూడు నెలల్లోపు చేయించుకుంటే చాలు, కంగారేం లేదు అంది. పాత మచ్చ మీదే కోస్తారట. పేస్‌మేకర్ పెట్టె తీసి కొత్తది పెట్టి కుట్టేస్తారట. గుండెలోకి వెళ్లే వైర్లు పాతవే. పూర్తి మత్తు కూడా అక్కర్లేదట. నేను తలాడించాను. విప్పడం, మార్చడం, కుట్టడం. టైలర్‌గా నా బతుకంతా చేసింది అదేగా.

తర్వాత ఒక అయస్కాంతం తెచ్చి పెట్టె మీద ఆనించింది. అది పెడితే పెట్టె మన అవసరం చూసుకోకుండా ఒకే లెక్కన కొడుతుందట. బ్యాటరీ బాగుంటే వేగంగా, అయిపోవస్తే నిదానంగా. నాది నిదానం.

ఆ తర్వాత అంది, మీ గుండె సొంత దెబ్బ ఎంతుందో చూద్దామండీ, తల తేలికగా అనిపిస్తే చెప్పండి అని. పెట్టె వేగం తగ్గించుకుంటూ పోయింది. గదిలో లైట్లు మసకబారాయి. చెవుల్లో దూది కుక్కినట్టయింది. బల్ల అంచు పట్టుకునేలోపు మళ్లీ పెంచేసింది. మీ సొంతది ఏం కనిపించట్లేదండీ, అంతా పెట్టే నడుపుతోంది అంది. మీ చొక్కాకి గుండీ ఊడిందండీ అని నేను కస్టమర్‌తో చెప్పినంత మామూలుగా చెప్పింది.

మరి పాతది తీసి కొత్తది పెట్టే మధ్యలో?

అడగాలని నోరు తెరిచాను. థాంక్స్ అమ్మా అన్నాను.

మార్చి 5

ఏమన్నారు అని మా ఆవిడ అడిగింది. అంతా బాగుంది, ఆరు నెలలకి రమ్మన్నారు అన్నాను.

మార్చి 7, శుక్రవారం

హాస్పిటల్ నుంచి ఫోన్. ఎత్తలేదు. చేతిలో పెళ్లికొడుకు కోటు ఉంది. నెలాఖరుకి ఇవ్వాలి. అది అయ్యాక చూద్దాం అని నాకు నేనే చెప్పుకున్నాను. నాకు నేను చెప్పుకునే మాటలు నేనే నమ్మను, అదీ నా ఖర్మ.

షాపులో మేం ఇద్దరమే. మిషన్ నాది. కిటికీ దగ్గర చేతిపని మా ఆవిడది. గుండీలు, కాజాలు, అంచులు. నా మిషన్ కుట్టు గీత గీసినట్టు ఉంటుంది. వంకర పోయిందా, విప్పేదాకా నాకు తిండి సయించదు. ఆవిడ చేతికుట్టు చూసి, నీ కుట్లు మందలోంచి తప్పిపోయిన మేకల్లా ఉన్నాయే అంటుంటాను. మీ మిషన్ దూరలేని చోటకి నా మేకలే వెళ్తాయి లెండి అంటుంది. ముప్పై ఏళ్లుగా ఇదే జోకు.

ఇవాళ జోకు వెయ్యలేదు. ఆవిడ తలెత్తి చూసింది.

మార్చి 10, సోమవారం

చెయ్యకూడని పని చేశాను.

నేల మీద పడ్డ గుండుసూదులు ఏరడానికి షాపులో ఒక నల్లటి అయస్కాంతం బిళ్ల ఉంది, దారానికి కట్టి. పేస్‌మేకర్ పెట్టిన రోజే డాక్టర్ చెప్పాడు, అయస్కాంతాలు దూరంగా ఉంచమని. అప్పట్నుంచీ అది ఆవిడ వైపు మేకుకే వేలాడుతుంది. పిన్నులు పడితే ఆవిడే ఏరుతుంది.

మధ్యాహ్నం ఆవిడ పక్క షాపుకి దారం కోసం వెళ్లింది. బిళ్ల తీసి పెట్టె మీద ఆనించాను. మణికట్టు పట్టుకుని, గోడ గడియారం చూస్తూ లెక్కపెట్టాను. ఆరోజు స్క్రీన్ మీద కనిపించిన అంకే. తగ్గలేదు. తగ్గలేదంటే ఇంకా టైముందని. ఒళ్లంతా చెమట పట్టింది, కానీ కడుపు నింపుకున్నంత హాయి.

మార్చి 11

అదే అంకె.

మార్చి 13

అదే అంకె. హాస్పిటల్ ఫోన్ రెండుసార్లు. సైలెంట్‌లో పెట్టాను.

మార్చి 15, శనివారం

రోజుకి నాలుగుసార్లు చూస్తున్నాను. సిగరెట్ మానలేనివాళ్లని వెక్కిరించేవాణ్ణి. ఇప్పుడు తెలుస్తోంది.

నాకు చావంటే భయమా అని ఆలోచించాను. దానికంటే ఆ మధ్యలో ఖాళీ అంటేనే ఎక్కువ భయం. పాత పెట్టె వైరు వదిలేసింది, కొత్త పెట్టె ఇంకా పట్టుకోలేదు. ఆ మధ్యలో నన్నెవరు పట్టుకుంటారు? నాదంటూ లోపల ఏమీ లేదని ఆ పిల్ల చెప్పింది కదా. మిషన్ మోటారు తీసేస్తే కాళ్లతో తొక్కుకోవచ్చు. దీనికి పెడలు కూడా లేదు.

పూర్తి మత్తు కూడా ఇవ్వరట. అంతా తెలుస్తూ ఉంటుందన్న మాట.

మార్చి 18, మంగళవారం

పిన్నులు పడ్డాయి. ఏమండీ, అయస్కాంతం ఏది అంది మా ఆవిడ. అప్పుడది నా ప్యాంటు జేబులో ఉంది. ఎలుకలు ఎత్తుకుపోయాయేమో అన్నాను. అయస్కాంతం తినే ఎలుకలు ఏ దేశంలో ఉన్నాయండీ అంది. తర్వాత వంగి, ఒక్కొక్క పిన్నే చేత్తో ఏరుకుంది. ఆవిడకి నడుం నొప్పి. నేను మిషన్ తొక్కుతూ కూర్చున్నాను.

ఛీ.

మార్చి 22, శనివారం

నిన్నటిది రాయాలి. పరువు పోయిన సంగతి కూడా రాయాలి.

పెళ్లికొడుక్కి కాలు బెణికిందట. ట్రయల్‌కి మీరే ఇంటికి రండి అని వాళ్ల నాన్న ఫోన్ చేశాడు. మూడో అంతస్తు. లిఫ్ట్ రిపేరు. కోటు చేతి మీద వేసుకుని మెట్లెక్కుతున్నాను. మొదటి అంతస్తు దాటేసరికి ఊపిరి అందలేదు. గొంతు పక్క నరాలు ఎగిరెగిరి పడుతున్నాయి. నేను ఎంత రొప్పుతున్నా లోపల గుండె మాత్రం నింపాదిగా, నాతో సంబంధం లేనట్టు కొట్టుకుంటోంది. పొద్దున్నుంచీ అలాగే నీరసంగా ఉందన్న సంగతి అప్పుడు తట్టింది.

అయిపోయింది అనుకున్నాను. బ్యాటరీ అయిపోయింది. మెట్ల మీద కూర్చున్నాను. కోటు నలగకుండా రెయిలింగ్‌కి వేశాను. అది గుర్తుంది. చస్తూ కూడా ఇస్త్రీ గురించే ఆలోచించాను.

ఎవరో చెబితే పెళ్లికొడుకు తండ్రి దిగొచ్చి మా ఆవిడకి ఫోన్ చేశాడు. మా బావమరిది టాక్సీ నడుపుతాడు. అక్కని ఎక్కించుకుని ఎలా వచ్చాడో, ఎమర్జెన్సీ గుమ్మం దాకా హారన్ మీంచి చెయ్యి తియ్యలేదు. బావా కళ్లు మూయకు, బావా కళ్లు మూయకు అని ఒకటే కేకలు. వాడి డ్రైవింగ్ చూస్తూ కళ్లు మూయడం ఎవరి వల్లా కాదు.

స్ట్రెచర్ మీద పడుకోబెట్టి నర్సు చొక్కా గుండీలు విప్పబోయింది. నర్సు చేతిలో స్టీలు కత్తెర టక్కుమని నా జేబుకి అతుక్కుపోయింది. లాగింది. రాలేదు. జేబులో చెయ్యి పెట్టి తీస్తే నల్ల బిళ్ల, దానికి వేలాడుతూ గుండుసూదుల గుత్తి.

నిన్న పొద్దున లెక్క చూసుకుంటుంటే ఎవరో కస్టమర్ వచ్చాడు. గభాలున పై జేబులో పడేశాను. ఎడమ జేబు. పెట్టెకి బెత్తెడు దూరం కూడా లేదు. రోజంతా అక్కడే ఉంది.

మౌస్ పిల్ల పరుగున వచ్చింది. బిళ్ల దూరంగా పెట్టేసరికి స్క్రీన్ మీద గీతలు మారిపోయాయి, నాకు ఊపిరి అందింది. బ్యాటరీ ఉందండీ, మీరే దాని కాళ్లు కట్టేశారు, ఏ పని చేసినా గుండె వేగం పెరగకుండా అంది. తర్వాత కోపం వచ్చింది ఆ అమ్మాయికి. పెద్దవారని ఊరుకుంటున్నాను, ఇది ఆడుకునే వస్తువా, లెక్క మారలేదు కదా అని ఇంట్లో కూర్చుంటే ఒకరోజు లెక్కపెట్టేవాడే ఉండడు అంది. ఇన్ని ఫోన్లు చేశాం, ఎందుకు ఎత్తలేదు అంది.

మా ఆవిడ అక్కడే ఉంది. ఏం ఫోన్లు అని అడిగింది. మౌస్ పిల్ల నా వంక చూసి, దాచకుండా మొత్తం చెప్పేసింది.

బావమరిది నవ్వాపుకోలేక బయటికి వెళ్లాడు. ఆవిడ నవ్వలేదు.

మార్చి 23

మాట్లాడటం లేదు. కంచం పెడుతోంది, మాట్లాడటం లేదు.

మార్చి 24, సోమవారం

షాపు తెరవగానే కిటికీ దగ్గర కూర్చుని, సూదిలో దారం ఎక్కిస్తూ మొదలుపెట్టింది. నాకు చెప్పకపోతే నేను భయపడననుకున్నారా? పదేళ్లుగా మీరు దగ్గినా తుమ్మినా నేను కుట్టు ఆపి చూస్తున్నాను, మీకు తెలుసా? ఇద్దరం భయపడితే సగం సగం వస్తుంది, ఒక్కరే మింగుదామనుకున్నారు, అరిగిందా? అని.

అరగలేదు అన్నాను.

అప్పుడు చెప్పాను, నా భయం ఏమిటో. మధ్యలో ఖాళీ గురించి. లోపల నాదంటూ ఏమీ లేదన్న మాట గురించి. మొదటిసారి బయటికి చెప్పడం.   ఆవిడ సూది చొక్కాకే గుచ్చి వదిలేసి, నా స్టూలు దగ్గరికి వచ్చి నిలబడింది. కస్టమర్ వచ్చేదాకా అలాగే నిలబడింది.

సాయంత్రం బావమరిది వచ్చాడు. ఏముంది బావా, మొబైల్ బ్యాటరీ మార్చినట్టే అన్నాడు. మొబైలైతే స్విచాఫ్ చేసి మారుస్తార్రా అన్నాను. ముగ్గురం నవ్వాం. తర్వాత ఎవరూ నవ్వలేదు.

మార్చి 27, గురువారం

డాక్టర్ దగ్గరికి. ఆవిడ కూడా వచ్చింది. నేను అడగలేనిది ఆవిడే అడిగింది.

డాక్టర్ దాచలేదు. రెండు వైర్లున్నాయి, మొదటి వైరు కొత్త పెట్టెకి మార్చేటప్పుడు మీకేం తెలీదు, మిమ్మల్ని నడిపించేది రెండో వైరు అన్నాడు. అది పాత పెట్టెలోంచి లాగి కొత్తదాంట్లో దూర్చాలి. ఒకటి రెండు సెకన్లు. కాలి నరంలోంచి తాత్కాలికంగా ఇంకో వైరు వేయొచ్చు, కానీ మీ విషయంలో దానివల్ల ఇన్‌ఫెక్షన్ భయం ఎక్కువ, అందుకని ఛాతీకి ప్యాడ్లు అంటించి బయట్నుంచి గుండెని కొట్టించే మిషన్ రెడీగా పెట్టుకుంటాం, నేను చెప్పగానే గట్టిగా దగ్గండి, తలకి రక్తం అందుతుంది, చాలు అన్నాడు.

ఆ రెండు సెకన్లూ ఈయన ఎక్కడుంటారండీ అంది మా ఆవిడ.

డాక్టర్ నవ్వబోయాడు. ఆవిడ మొహం చూసి మానేశాడు. ఇక్కడే ఉంటారమ్మా, నా చేతి కిందే అన్నాడు.

బుధవారం ఖాయం చేశారు. పెట్టె కొత్తది, మిగతాదంతా పాతది అని బయటికొచ్చాక ఆవిడ అంది, కొత్త కాలర్ వేసిన పాత చొక్కాలాగా.

మార్చి 30, ఆదివారం

పెళ్లికొడుకు కోటు ఇచ్చేశాను. చంక దగ్గర ఒక కుట్టు పక్కకి పోయింది, లోపలి వైపు, ఎవరికీ కనపడదు. విప్పి మళ్లీ వేశాను.  రెండోసారీ వంకరే. మూడోసారికి వచ్చింది.

ఇదే చివరి కోటా అన్న ఆలోచన రానివ్వకూడదు అనుకున్నాను. వచ్చింది.

ఏప్రిల్ 1, మంగళవారం, సాయంత్రం 6

రేపటికి చెప్పినవి: రాత్రి పన్నెండు దాటాక నీళ్లు కూడా వద్దు. పొద్దున సబ్బుతో ఛాతీ కడుక్కోవాలి. ఉంగరం తీసేయాలి. ఉంగరం రాలేదు. సబ్బు నురగ పెట్టి, దారం చుట్టి, ఆవిడే లాగింది. తీసి తన మెడలో గొలుసుకి వేసుకుంది.  నేను అటు తిరిగాను.

రాత్రికి ఈ డైరీ ఎక్కడ పెట్టాలో తెలియట్లేదు. ఆవిడకి కనపడే చోట పెడితే అపశకునం. కనపడని చోట పెడితే ఇంకా అపశకునం. చివరికి హాస్పిటల్ సంచీలో, బట్టల మధ్య పెట్టేస్తున్నాను.

ఏప్రిల్ 2, ఉదయం 5.40

భయంగా ఉంది. ఇంకేం లేదు రాయడానికి.

ఏప్రిల్ 3, గురువారం, వార్డులో

రాస్తున్నానంటే ఉన్నాననే.

నిన్న జరిగింది జరిగినట్టే రాస్తాను. ఛాతీ మీద వెంట్రుకలు తీశారు. చేతికి సెలైన్, అందులోనే యాంటీబయాటిక్. గది చలి. గోధుమరంగు మందు పూశారు, మెడ దాకా చల్లగా పాకింది. ప్యాడ్లు ఒకటి ముందు, ఒకటి వీపున. మొహం మీదికి ఆకుపచ్చ గుడ్డ టెంటులా కట్టారు. నాకు కనపడేదల్లా ఆ గుడ్డ నేత. కాటన్, రెండు పోగుల నేత, అంచు మడిచిన కుట్టు మరీ నాసిరకం. అది చూస్తూ కూర్చున్నాను, అంటే పడుకున్నాను.

తిమ్మిరి ఇంజెక్షన్లు మంట. దాన్ని తక్కువ చేసి చెప్పేవాళ్లని నమ్మొద్దు. తర్వాత నొప్పి లేదు, తోపులాట ఉంది. ఎవరో జేబులో చెయ్యి పెట్టి ఇరుక్కున్న తాళంచెవి లాగుతున్నట్టు. కరెంటు కత్తితో కోస్తున్నారు, కాలిన వాసన వచ్చింది. ఆ కాలేది నా ఒళ్లే. పెట్టె చుట్టూ పదేళ్లలో ఒళ్లు గట్టి సంచీలా కట్టుకుందట, దాన్ని విప్పుతున్నాం అని డాక్టర్ చెబుతూనే ఉన్నాడు. మౌస్ పిల్ల నా తల దగ్గర ఎక్కడో ఉంది. కనపడదు, మాట వినిపిస్తుంది. నిన్న ఆ మాటల మీదే ప్రాణం పెట్టుకున్నాను.

చిన్న స్క్రూడ్రైవర్ శబ్దం. టిక్, టిక్, టిక్. మొదటి వైరు అండీ అంది మౌస్ పిల్ల. ఏం కాలేదు.

మళ్లీ టిక్, టిక్. ఇది రెండోది అంది. గదిలో అందరూ మాట్లాడటం మానేశారు. అది నా జన్మలో మర్చిపోను. డాక్టర్ దగ్గండి అన్నాడు.

దగ్గాను.

గుడ్డ నేత కలిసిపోయి ఒకే ఆకుపచ్చ అయింది. తర్వాత ఆకుపచ్చ కూడా పోయింది. ఎక్కడో నీళ్ల కింద నుంచి మళ్లీ దగ్గండి అని వినిపించింది. దగ్గానో లేదో తెలీదు. భయం వెయ్యలేదు. భయపడటానికి కూడా కొంచెం టైము కావాలి కాబోలు.

ఛాతీలో లోపల్నుంచి ఎవరో గుద్దారు. ఇంకోటి. ఇంకోటి. నేత తిరిగొచ్చింది. పోగులు లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా వచ్చింది. పట్టుకుందండీ అంది మౌస్ పిల్ల. నేను ఏడుస్తున్నానని గుడ్డ కింద ఎవరికీ తెలియలేదు. డాక్టర్ కుట్లు వేస్తూ, మీ అంత నీట్‌గా రాదండీ మాకు అన్నాడు. పర్లేదు విప్పను లెండి అన్నాను.

బయట ఆవిడ గొలుసు పిడికిట్లో పట్టుకుని నిలబడి ఉంది. రెండు సెకన్లేనా అని అడిగింది. అంతే అన్నాను. నాకు కాదు అంది.

ఏప్రిల్ 4, శుక్రవారం

డిశ్చార్జ్. తడి తగలకూడదు. ఎర్రబడినా, వాచినా, జ్వరమొచ్చినా వెంటనే రావాలి. కొన్నాళ్లు ఎడమ చేత్తో బరువు ఎత్తకూడదు, మిషన్ జోలికి పోకూడదు. అయస్కాంతం మాట మౌస్ పిల్ల రెండుసార్లు చెప్పింది, మా ఆవిడ వైపు తిరిగి.

వెళ్లబోతుంటే ఆగండి, ఒకటి చూపించాలి అంది. పొడుగాటి కాగితం పట్టీ. ఆపరేషన్ అప్పటి గుండె గీత. పెట్టె కొట్టిన దెబ్బలు వరసగా, ఒకే ఎత్తు, ఒకే దూరం. నా మిషన్ కుట్టే. ఒకచోట వరస ఆగిపోయింది. తెల్ల కాగితం.  ఇదేనా ఖాళీ అన్నాను. ఇదే, కొంచెం ఎక్కువ సేపే పట్టింది, మూడు సెకన్ల పైనే అంది. ఆ తర్వాత మళ్లీ వరస.

ఆ తెల్లటి చోట మధ్యలో, పక్కకి ఒరిగి, లావుగా, పొట్టిగా ఒక గీత ఉంది.

ఇదేంటి అని అడిగింది మా ఆవిడ.

అది పెట్టెది కాదండీ అంది మౌస్ పిల్ల. అప్పటికి ఏ పెట్టే లేదు కదా. అది ఆయన సొంతదే. ఆరోజు నాకు కనపడలేదు, నేను అంతసేపు ఆపలేదు. ఒక్కటే వచ్చింది, ఆలస్యంగా వచ్చింది, దాని మీద ఆధారపడలేం అంది. కానీ వచ్చిందండీ అంది.

ఆవిడ ఆ పట్టీ వెలుతురుకి పట్టుకుని చాలాసేపు చూసింది. ఇది చేతికుట్టండీ అంది.

ఏప్రిల్ 9, బుధవారం

షాపుకి వెళ్లాను. మిషన్ మీద గుడ్డ కప్పి ఉంది. కిటికీ దగ్గర ఆవిడ పక్కన కూర్చున్నాను. ఏదైనా ఇవ్వు అన్నాను. ఒక చొక్కా ఇచ్చింది. కుడి చేత్తో గుండీ కుట్టాను. వంకరగా వచ్చింది.

విప్పలేదు.